కాలువ గట్టు మీది విశ్వాసం

నమ్మితే చాలు, మిగిలినదంతా దేవుడే చూసుకుంటాడన్న బోధ తెలుగు క్రైస్తవ సంఘాల్లో నానాటికీ బలపడుతోంది. రక్షణ కృప వల్లనే అన్నది క్రైస్తవానికి పునాది. దాన్ని కాదనేవారెవరూ లేరు. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని చేయవలసిన పని నుంచి తప్పుకోవడం మొదలైంది. ప్రమాదం అక్కడుంది.

1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించిన మార్టిన్ లూథర్, మోక్షం డబ్బుకు దొరికేది కాదని చెప్పడానికే విశ్వాసాన్ని ముందు నిలిపాడు. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను ఆయన గడ్డితో పోల్చిన మాట నిజమే. అయినా, ప్రాణమున్న విశ్వాసం మేలు చేయకుండా ఉండలేదని చెప్పిందీ ఆయనే. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు కలిసి సంతకం చేసిన ప్రకటన సారమూ అదే: సత్క్రియలు రక్షణకు వెల కావు, దాని ఫలాలు. శతాబ్దాల పోరు తర్వాత కుదిరిన ఈ మాటలో మొదటి సగమే మన వేదికలెక్కుతోంది. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. క్రియలతో పని లేదన్న నోరే, కానుకల వేళకు ‘విత్తనం వేయండి, నూరంతలు కోయండి’ అంటోంది. లూథర్ ఏ బేరాన్ని ఎదిరించాడో అదే బేరం మళ్లీ నడుస్తోంది.

విశ్వాసం, క్రియ కలిసి నడవాలన్న విషయం ఒంగోలు ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1876–78 నాటి ధాత కరువులో జనం తిండి లేక రాలిపోతుంటే, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పార, తట్ట ఇచ్చి, పనికి కూలి ఇచ్చాడు. పనికి వచ్చిన మాదిగలను మేస్త్రీలు కసురుకోకుండా, తన బోధకులనే పని మీద పెట్టాడు. సాయంత్రం గంపలు దించాక ఆ బోధకులే కూలివాళ్ల మధ్య కూర్చుని సువార్త చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. అన్నం కోసం విశ్వాసం రాకూడదని ఏడాదికి పైగా ఆపాడు. కరువు పనులు ముగిశాక కూడా జనం తరలివచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడ క్రియ విశ్వాసానికి ఎర కాలేదు, విశ్వాసం క్రియకు సాకు కాలేదు. మన సంఘాల్లో చాలావాటి పుట్టుక ఆ కాలువ గట్టు మీదే.

ఇవాళ పరిస్థితి చూడండి. ఆదివారం మొదటి వరుసలో నిలబడి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పిన మనిషి, సోమవారం తన పొలంలో కోత కోసిన ఆడకూలికి నాలుగు రోజుల డబ్బులు ఎగ్గొడతాడు. సంఘంలో ఎవరూ అడగరు. కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిన పడుతుందని హెచ్చరించింది అదే యాకోబు పత్రిక. ఒకే రొట్టెలో పాలుపంచుకున్నవాళ్లు చనిపోయాక కులం వారీగా గోడ కట్టి విడదీసిన సమాధుల దొడ్లకు పోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ గోడ కట్టినవాళ్లూ కృపను నమ్మినవాళ్లే! ఇలాంటి సంఘంలో పెరిగే పిల్లలు విశ్వాసం అంటే పాట, కేక, చేతులెత్తడం అనే నేర్చుకుంటారు. రేపు వాళ్లు మందిరానికి రావడం మానేస్తే ఆ నేరం లోకానిది కాదు, మనదే.

ఈ ఏడాది సంఘ కమిటీలు లెక్కలు చదివేటప్పుడు సభ్యులు లేచి రెండు ప్రశ్నలు అడగాలి. మైకులకు, పందిళ్లకు పోయిందెంత, విధవరాళ్లకు, మంచాన పడ్డవారికి చేరిందెంత? సమాధుల దొడ్డిలో గోడ ఎప్పుడు తీస్తారు?