రోగమెరుగని రోగిని నిందింపరాదు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుండి స్కిజోఫ్రెనియా రోగులను తీసికొని వచ్చు బంధువులు తరచుగా పలుకు మాట ఇది: "అయ్యా, వీనికి మొండితనం. తానం చెయ్యడు, గోలి మింగడు. నాకేం రోగం లేదంటడు." ఇది మొండితనము కాదు, రోగలక్షణమే.

చరకాచార్యులు నిదానస్థానము 7వ అధ్యాయమున ఉన్మాదమును 8 భావముల విభ్రమముగా నిర్వచించిరి: మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము. తన స్థితిని తానెరుగుటకు బుద్ధి, సంజ్ఞాజ్ఞానములు కావలెను. స్నానభోజనములు, పనిపాటలు చేష్టాచారములకు చెందినవి. ఇవన్నియు వ్యాధిచే చెడునవే. కాలు విరిగినవాడు నడువలేదని దూషింతుమా?

కావున "నీకు రోగమున్నదని ఒప్పుకొనుము" అని రోగితో వాదింపరాదు. "నిద్ర పట్టుచున్నదా?" అని అడుగవలెను. తానెరిగిన బాధకు చికిత్స పొందుటకు అతడు సమ్మతింపవచ్చును. వేళకు లేపి, స్నానము చేయించి, పసులకు గడ్డి వేయుట వంటి ఒక్క చిన్న పని అప్పగించి, చేసినంతకు మెచ్చుకొనవలెను.

మానసిక వైద్యుడిచ్చిన మందులను, ఆయుర్వేద వైద్యుడు చెప్పినను, మాన్పరాదు. ఘృతములు, కషాయములు ఆయనకు తెలిపియే వాడవలెను. రోగిని గొలుసులతో కట్టుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. దారి తోచని కుటుంబములు 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవను 14416 నంబరున ఉచితముగా సంప్రదింపవచ్చును.