తోడు లేని వార్డు

మన క్యాన్సర్ ఆసుపత్రుల్లో రోగి మనసు బాధ్యత ఎప్పటినుంచో అటెండెంటు మీదే ఉంది. ఓపీలో ఫైలు పట్టుకుని లైన్లో నిలబడేది, రిపోర్టులో ఉన్నది ముందుగా విని ఎంత చెప్పాలో ఎంత దాచాలో తేల్చుకునేది, కీమో ఎక్కుతున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చునేది ఆ మనిషే. ‘నాన్నకు గడ్డ అనే చెప్పండి సార్, క్యాన్సర్ అనొద్దు’ అని కొడుకు బతిమాలుకోవడం మన దగ్గర మామూలే. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. రోగి ధైర్యమంతా ఆ ఒక్క మనిషి మీదే ఆనుకుని ఉందన్నది మాత్రం నిజం.

2020లో కరోనా ఆ మనిషిని గేటు బయట నిలబెట్టింది. వైరస్ పాకకుండా ఆ నిబంధన అవసరమే కావచ్చు. కానీ ఆ ఖాళీలో మరొకరిని పెట్టాలన్న ఆలోచనే మనకు రాలేదు. పీపీఈ కిట్లలో కళ్లు తప్ప ముఖం కనిపించని సిబ్బంది మధ్య, ఏ ఇంజెక్షన్ ఎందుకో చెప్పే దిక్కు లేక రోగులు ఒంటరిగా పడుకున్నారు.

వార్డు దాకా రాలేనివారు ఇంకా ఎక్కువ. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 ఆసుపత్రుల లెక్కలు 2021లో లాన్సెట్ ఆంకాలజీ వైద్య పత్రికలో వచ్చాయి. 2019 మార్చి నుంచి మే వరకు 1,12,270 మంది కొత్త రోగులు నమోదైతే, 2020లో అవే మూడు నెలల్లో నమోదైనవారు 51,760. పెద్ద ఆపరేషన్లు దాదాపు సగానికి పడిపోయాయి. ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రావాల్సిన పేదవాడికి బస్సే దిక్కు. ఆ బస్సులే ఆగిపోయాయి. ‘డేటు వాయిదా పడింది, మళ్లీ ఫోన్ చేస్తాం’ అన్న మాట రోగికి ‘నీ మీద ఆశ వదులుకున్నాం’ అన్నట్టే వినిపిస్తుంది. కొన్ని క్యాన్సర్లలో కొద్ది వారాలు ఆగినా ముప్పు లేదని డాక్టరుకు తెలుసు. ఆ సంగతి రోగికి విడమరిచి చెప్పడం కూడా వైద్యమే.

అన్నిటికన్నా ఎక్కువగా వేధించింది జ్వరం. కీమో అయిన వారం, పది రోజులకు తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీలు దాటితే క్షణం ఆలస్యం చేయకుండా రమ్మంటారు. కరోనా కాలంలో జ్వరంతో వెళితే ముందు టెస్టు, ఆ రిజల్టు కోసం నిరీక్షణ. ఇంట్లో ఉంటే ఇన్ఫెక్షన్ భయం, వెళితే కరోనా భయం, బయటికి చెబితే ఇంటిల్లిపాదికీ క్వారంటైన్. ఎవరికీ చెప్పకుండా పారాసిటమాల్ మింగి జ్వరాన్ని కప్పిపుచ్చుకునే ఇల్లాలిని తప్పుపట్టగలమా? ఈ భయాన్ని డిప్రెషన్ అనేసి మాత్ర రాస్తే సరిపోదు. ఆమె భయానికి కారణం ఉంది, జవాబు చెప్పే మనిషే లేడు.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి పనే. కానీ మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవాటిని ఫోన్ సంప్రదింపుతో రాయకూడదన్నారు. నొప్పి తగ్గించే మార్ఫిన్ అందులోనిదే. ముదిరిన క్యాన్సర్ నొప్పితో రాత్రంతా మేలుకున్నవాడికి ధైర్యవచనాలు ఏం పనిచేస్తాయి? ఇంటికి వెళ్లి నొప్పి తగ్గించే పాలియేటివ్ బృందాలను అత్యవసర సేవగా గుర్తించకుండా మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటం వృథా.

2022లో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. అయితే కుంగిపోయిన మనిషి తనంతట తాను నంబరు నొక్కడం అరుదు. అందుకే ఆసుపత్రే ఫోన్ చేయాలి. మనోవేదనను సున్నా నుంచి పది దాకా రోగి చేతే గుర్తు పెట్టించే కొలమానం ప్రపంచమంతా వాడుకలో ఉంది. నాలుగు, ఆపైన వస్తే వివరంగా మాట్లాడాలి. ఆ గుర్తు పెట్టించడానికి బీపీ చూసినంత సేపు కూడా పట్టదు.

జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. వాటికి పడకలు, మందులు లెక్కగట్టేటప్పుడే కౌన్సెలర్ పోస్టు కూడా మంజూరు చేయాలి. కీమో అయిన వారానికి రోగికి ఫోన్ చేసి జ్వరం ఉందా, నిద్ర పడుతోందా అని అడగడం ఆ ఉద్యోగ విధుల్లో రాయాలి. మరో మహమ్మారి వచ్చి గేట్లు మూసినా ఆ ఫోన్ ఆగకూడదు. అటెండెంటుకు కూడా అదే ఫోన్ వెళ్లాలి, అతనికీ నిద్ర లేదు కాబట్టి.