గుర్రానికి లాడం... పెండ్లికొడుక్కి?

2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలైనాయి గాని, గుర్రమెక్కే బరాతు సరదా మాత్రం జగిత్యాల నుంచి నిర్మల్ దాకా ఏకఖండంగానే ఉన్నది. నాకు గుర్రం మీద గాని, బ్యాండు మీద గాని కోపం లేదు. నా తగాదా అంతా పెండ్లికొడుకు కాళ్లతోనే.

షేర్వాణీకి జతగా కొన్న ఆ ముక్కు తిరిగిన జోళ్లు చూడండి! అడుగు చదును, మడమ శూన్యం. రికాబులో పెట్టిన పాదం ముందుకు జారితే ఆపేదేది? పక్కన పటాకులు పేలి గుర్రం బెదిరిందనుకోండి, మనిషి కిందపడ్డా కాలు రికాబులోనే చిక్కుతుంది. ఆ తర్వాత ఊరేగింపు కాదు, ఈడ్పే!

“మన పూర్వులు వట్టికాళ్లతో ఎక్కలేదా?” అంటారు పెద్దలు. ఎక్కారు. కాని, మన దేశపు పాతకాలం రికాబు బొటనవేలు పట్టేంత చిన్న ఉంగరం. పాదం దూరే సందే లేదు. ఇప్పటి ఇనుప రికాబులో పాదమంతా దూరిపోతుంది. కాలు జారకుండా నిలవడానికే పారశీక రౌతులు జోళ్లకు మడమ వేయించుకున్నారు. 1600 ప్రాంతంలో యూరప్ దొరలు దాన్నే ఫ్యాషన్ చేసుకున్నారు.

అలాగని స్పోర్ట్స్ బూట్లూ వద్దు. గాళ్ల అడుగు రికాబులో పట్టేస్తుంది. అంగుళం మడమ, నునుపైన అడుగు, పాదానికి సరిగ్గా పట్టే బూటు చాలు. రికాబు దానికన్నా ఒక అంగుళం వెడల్పుండాలి.

గుర్రానికి లాడం కొట్టించాలని తెలిసిన మనకు, మనిషికి మడమ కావాలని తెలియదా? మరదళ్లు జోళ్లు దాచేది మండపంలోనే కదా! ఆ ముద్దుజోళ్లు అక్కడే తొడగండి. గుర్రమెక్కేటప్పుడు మాత్రం, నాయనా, బూటే!