ఊరు నిలుపుకొన్న ఇల్లు



పానశాలను గూర్చి సహకార పత్రికలో వ్రాయుట తగునా యని కొందరడుగవచ్చును. మేము కల్లును గాని సారాయిని గాని పొగడుటకు పూనుకొనలేదు. ఇంగ్లండు పల్లెలలో పబ్బు అనబడునది పబ్లిక్ హౌస్ అను మాటకు కురుచరూపము. అనగా ప్రజల యిల్లు. అచ్చట త్రాగుటయే గాక భోజనము చేయుటయు, కష్టసుఖములు చెప్పుకొనుటయు, ఊరి కూటములు జరుపుటయు గలదు. మన రచ్చబండయు చావడియు ఒక్క కప్పు క్రింద నున్నట్లు తలంపవలెను.

ఉత్తర యార్కుషైరులో రిచ్‌మండు పట్టణ సమీపమున హడ్స్‌వెల్ అను చిన్న పల్లె కలదు. ఆ యూరి యొకేయొక పబ్బు, జార్జ్ అండ్ డ్రాగన్ అనునది, 2008లో మూతపడెను. ఊరివారు విచారించి యూరకుండక సంఘముగా నేర్పడి, వాటాలు కూర్చి, ఆ యింటిని కొని బాగుచేయించి 2010 జూన్ నెలలో తిరిగి తెరిచిరి. అందులోనే చిన్న గ్రంథాలయమును, ఊరివారే జీతము లేక నడపు దుకాణమును పెట్టిరి. వెనుకటి నేలను మడులుగా విభజించి కూరగాయలు పండించుకొనుట కిచ్చిరి. 2016వ సంవత్సరమునకు బీరు వినియోగదారుల సంస్థయగు కామ్రా ఆ దేశపు పబ్బులలో ప్రథమ బహుమానమును దీనికే యొసంగెను. అంతకుముందే కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ గ్రామస్థులు 1999లో తమ యూరి బీరు కార్ఖానాను, 2003లో ఓల్డ్ క్రౌన్ అను పబ్బును సహకార పద్ధతిని స్వాధీనము చేసికొనిరి.

2011లో ఇంగ్లండున స్థానికపాలనను గూర్చిన చట్టమొకటి చేయబడెను. ఊరి కుపయోగపడు కట్టడమును జాబితాలో చేర్పించినచో, యజమాని దాని నమ్మదలచినప్పుడు ఊరివారు ధనము కూర్చుకొనుటకు ఆరునెలల గడువు కోరవచ్చునని యందు ఏర్పాటు చేసిరి. కాని వారికే యమ్మితీరవలెనను నిర్బంధమును ఆ చట్టమున పెట్టలేదు. చట్టము గడువు నీయగలదు, ఐకమత్యమును ఈయజాలదు.

మా యభిప్రాయమున ఇందు గ్రహింపదగినవి మూడు. మొదటిది, అభిమానము వేరు, వాటా వేరు. మూతపడినదని వగచువారు వందమంది యున్నను, తలుపు తెరచునది వాటా కట్టినవారే. రెండవది, హడ్స్‌వెల్ సంఘము ఇంటిని తన సొత్తుగా నుంచుకొని, వ్యాపారమును మాత్రము నేర్పరులకు అద్దెకిచ్చెను. పదిమంది పెత్తనమున పొయ్యి వెలుగదు. మూడవది, సహకార సంఘమున ఎన్ని వాటాలున్నను మనిషికి ఓటొక్కటే. కావున ధనవంతు డొక్కడు తన లాభమునకై ఉమ్మడి సొత్తును అమ్మివేయజాలడు.

వారు ధనికదేశమువారు, మనకెట్లు సాధ్యమని యందురేమో. 1844లో రాచ్‌డేలున సహకార దుకాణము పెట్టిన 28 మందిలో నేతపనివారే పలువురు. వారు ధనికులు కారు.

కల్లుపాకను కొనుడని మేము చెప్పుటలేదు. మీ యూర పాడుపడిన చావడియో, గిడ్డంగియో, గ్రంథాలయమో యుండినచో, రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ ప్రశ్నలు వేయుడు: కాగితములలో అది యెవరిది? మరమ్మతునకు ఎంతయగును? బాగుపడిన పిమ్మట దానిని ప్రతిదినము వాడుకొనువారెందరు? కడపటి ప్రశ్నకు జవాబు దొరకనిచో రూపాయి యైనను వసూలు చేయకుడు. కొనుట పెండ్లివంటిది, నడుపుటయే సంసారము.