పరుగు కాళ్లది మాత్రమేనా?

మన పట్టణములలో ఒక దురభిప్రాయము వ్రేళ్లూని యున్నది. పరుగెత్తువానికి కాళ్లుండిన చాలునట! భుజములు, వీపు, చేతులు మల్లునికి భూషణములే గాని పరుగువానికి బరువేనట! ఈ మాట నమ్మి మన బాలురు తెల్లవారకమునుపే లేచి వీధులవెంట మైళ్లకొలది పరుగిడుచున్నారు. పోలీసు కొలువుల దేహపరీక్షలకై శ్రమించు యువకుల గతియు నిదియే. పందెమున వెనుకబడిన నాడు తమ కాళ్లను తామే నిందించుకొనుచున్నారు. నేరము కాళ్లది కాదు, నేర్పినవారిది.

శరీరశాస్త్రము చెప్పు సాక్ష్యమును వినుడు. ఎడమకాలు ముందునకు లేచినపుడు మొండెము ఒక ప్రక్కకు తిరుగబోవును. అంతలో కుడిచేయి ముందునకు వచ్చి ఆ త్రిప్పును అరికట్టును. భుజములును నడుమును సత్తువలేనివైనచో మొండెము ఊగులాడును. కాళ్లు నేలను తన్నిన బలము కొంత వృథాయగును. వేగమునకు మూలము కాళ్ల తన్నే యని మేమును ఒప్పుకొందుము. ఆ తన్నును నిలకడగా భరించుటకు పై దేహము గట్టిగా నుండవలెననుటయే మా వాదము.

ఇందుకు దృష్టాంతము కలదు. స్కాట్లండు దేశస్థుడు ఆలన్ వెల్స్ 1980లో మాస్కో ఒలింపిక్సునందు 100 మీటర్ల పందెమున స్వర్ణపతకము గైకొనెను. అతనికిని, క్యూబా దేశపు సిల్వియో లెనార్డునకును పట్టిన కాలము ఒక్కటే: 10.25 సెకండ్లు. ముష్టియుద్ధవీరులు గ్రుద్దెడి చిన్న తోలుబంతిని గ్రుద్దుట వెల్స్ సాధనలో పేరెన్నికగన్న భాగము. ఆ బంతియే పతకము తెచ్చెనని మేమనము. వెండ్రుకవాసిలో జయాపజయములు తేలుచోట చేతుల సాధనను అతడు తృణీకరింపలేదని మాత్రమే మనవి.

ఇక రెండవ తెగవారు కలరు. అద్దము ముందు నిలిచి జబ్బలు చూచుకొనుటయే వ్యాయామమని వీరి తలంపు. పెంచిన కండ యంతయు పరుగువాడు మోయవలసినదే గదా! వానికి కావలసినది బలమే గాని స్థూలత్వము గాదు. అడ్డదారిన బలము కొనజూచినవారి గతి లోకమెరుగును: 1988లో సియోలునందు 9.79 సెకండ్లలో గెలిచిన బెన్ జాన్సన్, నిషిద్ధౌషధము సేవించినట్లు రుజువై, కొలది దినములకే పతకమును గోల్పోయెను.

సక్రమమార్గము మన కళ్లయెదుటనే యున్నది. దండీలు తీయుట, దూలమునకు వ్రేలాడి గడ్డమును పైకి తెచ్చుట, మోకు ప్రాకుట, వారమునకు రెండుమూడు దినములు చాలును. ముందునకు నెట్టు సాధన ఎంతయో వెనుకకు లాగు సాధనయు నంత యుండవలెను. ఇది పరుగునకు తోడు, బదులు గాదు. కోడి రామమూర్తినాయుడు వ్యాయామశాల నడిపిన విజయనగరము మనదే. విశాఖపట్టణపు పడుచు జ్యోతి యర్రాజి 2023లోను, 2025లోను ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సు పందెమున స్వర్ణము గెలిచినది. మనకు కొరత బిడ్డలు గారు, వసతులు.

చట్టమేమో మన పక్షముననే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రతి పాఠశాలకును ఆటస్థలము, క్రీడాపరికరములు ఉండవలెనని విధించుచున్నది. మీ వీథిలోని బడిలో ఆటస్థలమున్నదా? ఉన్నచో అందొక ఇనుపదూలమైనను, ఒక మోకైనను వ్రేలాడుచున్నదా? వీనికి లక్షలు అక్కరలేదు. పఠనాలయమున ఈ పత్రిక మడిచిపెట్టిన వెంటనే పదుగురు చేరి అర్జీ వ్రాయుడు. పురపాలకుల యెదుట నిలిచి అడుగుడు. అడుగనివాని హక్కు కాగితముమీదనే నిదురించును. బిడ్డలు మాత్రము పెరుగుట మానరు. వారి పరుగు ప్రాయము మన తీరికకై ఆగదు.