ఎలుక మీద కోపం, ఇంటికి నిప్పు

వరి కోతలు అయిపోయి గడ్డివాములు పెరట్లోకి చేరగానే, పొలం గట్ల మీది ఎలుకలు కూడా వాటి వెంటే ఊళ్ళోకి వస్తాయి. గుమ్మి కింద కలుగు పడుతుంది. గూట్లో గుడ్లు మాయమవుతాయి. నాలుగు రోజుల కోడిపిల్ల తెల్లవారేసరికి మెడ కొరికి పడి ఉంటుంది. అప్పుడు ఇంటి యజమాని ఏం చేస్తాడు? కోపంతో అంగడికి పోయి మందు పొట్లం తెచ్చి, నూకల్లో కలిపి, గూటి పక్కన చల్లుతాడు. మర్నాడు రెండు ఎలుకలు చస్తాయి. వాటితో బాటు రెండు పెట్టలు కూడా చస్తాయి. చచ్చిన ఎలుకను కరచుకుపోయిన పిల్లి మళ్ళీ ఇంటికి రాదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని పెద్దలు ఊరికే అనలేదు.

పెరటి కోడి చిన్న విషయమేమీ కాదు. పల్లెటూళ్ళలో గుడ్ల మీద వచ్చే పైసలు ఇల్లాలి చేతి పైసలు. పిల్లవాడి నోటుపుస్తకానికైనా, ఇంట్లో ఉప్పుకైనా ముందుగా తీసేది అవే. పెరట్లో పెంచుకోవడానికే హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను తయారుచేసింది. అటువంటి కోళ్ళను తెచ్చుకుని, వాటి పక్కనే విషం చల్లడం ఏమి తెలివి?

ఈ మందుల సంగతి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. నల్లగా ఉండే జింక్ ఫాస్ఫైడ్ పొడి కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు పుట్టిస్తుంది. దానికి విరుగుడు లేదు. నూకలు ఎలుకకెంత ఇష్టమో కోడికీ అంతే ఇష్టం. ఏ గింజకు మందు పట్టిందో కోడికి తెలియదు, అంగట్లో పాకే పసిబిడ్డకూ తెలియదు. బిళ్ళల రూపంలో దొరికే బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. అది తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. పిల్లికి, కుక్కకు, గుడ్లగూబకు సులువుగా చిక్కుతుంది. ఎలుక ఒంట్లోని మందు వాటి ఒంట్లోకి చేరుతుంది. దీనికి మాత్రం విటమిన్ కె-1 విరుగుడుగా పనిచేస్తుంది. కనుక కుక్క గాని పిల్లి గాని తిన్నదని అనుమానం వస్తే, మందు పొట్లం చేతబట్టుకుని వెంటనే పశువైద్యశాలకు పోవాలి. మనిషి విషయంలోనైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

అసలు ఎలుకను పిలుస్తున్నది ఎవరు? మనమే. పొద్దుగూకే వేళ కోళ్ళకు దోసెడు గింజలు వేసి, మిగిలినవి అక్కడే వదిలేసి తలుపు వేసుకుంటాము. కుక్కకు పెట్టిన అన్నం తెల్లవార్లూ చిప్పలోనే ఉంటుంది. ఎలుక తిరిగేదే రాత్రి. ఒక్కొక్కటి రోజుకు 20, 30 గ్రాముల తిండి తింటుంది. పెరట్లో పది ఎలుకలుంటే ఏడాదికి 70 కిలోలకు పైమాటే. పైగా కోడి గుడ్లు పొదగడానికి 21 రోజులు పడితే, చూలు ఎలుక ఈనడానికీ దాదాపు అన్ని రోజులే పడుతుంది. తిండి దొరికినంత కాలం మందు పెట్టి పదింటిని చంపినా వాటి చోటికి మరో పది వస్తాయి.

కనుక మొదట చేయవలసింది తిండి తీసివేయడం. కోళ్ళకు కాసేపట్లో తిని ముగించేటంతే గింజ వేయాలి. చీకటి పడకముందే చిప్పలు ఎత్తి లోపల పెట్టాలి. తవుడు, నూకలు గోనెసంచిలో కాక మూత బిగువుగా పట్టే రేకు డబ్బాలో పోయాలి. గుడ్లు ఏ పూటకాపూట తీసుకోవాలి. గడ్డివాము, కట్టెల మోపు, పిడకల కుప్ప గూటికి ఆనకుండా దూరంగా వేయాలి.

రెండవది గూడు. కోళ్ళు బయటికి పోకుండా కట్టే పెద్ద కన్నుల జాలీ ఎలుకను ఆపలేదు. అరంగుళం సందు ఉంటే చాలు, ఎలుక పిల్ల దూరిపోతుంది. కాబట్టి అరంగుళానికి మించని కన్నుల గట్టి ఇనుప జాలీ వేయాలి. పందికొక్కు కింది నుంచి తవ్వుకుని వస్తుంది. ఇంగ్లీషువాళ్ళ ‘బాండికూట్’ అన్న మాట మన పందికొక్కు నుంచి పోయినదే, అంత పేరు మోసింది అది. దానికి అడ్డంగా గూటి అడుగున షాబాదు బండలు పరవాలి. లేదా జాలీని అడుగు లోతు పాతి బయటి వైపుకు వంచాలి. గూటికి ఒకసారి పెట్టే ఖర్చు ఏటా చచ్చే కోళ్ళ ఖరీదు కంటే ఎక్కువ కాదు.

పిల్లి ఉంటే చాలదా అని కొందరంటారు. పిల్లి చిట్టెలుకలను పడుతుంది గాని బలిసిన పందికొక్కు జోలికి సామాన్యంగా పోదు. గుడ్లగూబ అరిస్తే అరిష్టమని రాళ్ళు వేస్తాము. జెర్రిపోతు కనబడితే కర్ర తీస్తాము. విషం లేని ఆ పాము, ఆ పక్షి ఎలుకలను తిని బతికేవే. వాటిని చంపుకుని ఎలుకలు పెరిగాయని ఏడవడం న్యాయం కాదు. ఎలుకలు పెరిగినచోటికి వాటిని వెతుక్కుంటూ నాగుపాము కూడా వస్తుందని మరువరాదు.

ఇన్ని చేసినా తప్పనప్పుడు బోను పెట్టాలి. కోళ్ళు గూటికి చేరిన తరువాత పెట్టి, తెల్లవారగానే తీసేయాలి. మందు చివరి మాట కావాలి గాని మొదటి మాట కారాదు. మందు వాడితే సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే లోతుగా పెట్టి మళ్ళీ మూయాలి. నేల మీద చల్లరాదు. చచ్చిన ఎలుకలను పొద్దున్నే ఏరి, చేతితో ముట్టకుండా, లోతుగా పూడ్చిన తరువాతనే కోళ్ళను వదలాలి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకూ కుక్కలకూ వస్తుంది.

ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. నేను తరిమిన ఎలుక మీ పెరట్లోకి వస్తుంది, మీరు తరిమినది నా పెరట్లోకి వస్తుంది. 2022 మార్చి నెలాఖరులో వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో, ఊపిరి కోసం పోరాడుతున్న రోగిని ఎలుకలు కొరికినప్పుడు జిల్లా అంతా మండిపడింది. సూపరింటెండెంటును ప్రభుత్వం బదిలీ చేసింది. మండిపడడం సబబే. అయితే ఆస్పత్రిని నిలదీసిన మనం మన వాడ మురికి కాలువనూ, పంచాయతీ చెత్తకుప్పనూ కూడా నిలదీయాలి కదా!

గ్రామ పంచాయతీలు వేసవిలో ఒక రోజు నిర్ణయించి, ఊరంతా ఒకేసారి కలుగులు పూడ్చి చెత్త ఎత్తించాలి. వ్యవసాయ, పశువైద్య సిబ్బంది ఆ రోజు ఊళ్ళో ఉండి, ఏ మందు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టరాదో చెప్పాలి. మందు అమ్మే దుకాణదారు కూడా ఇంట్లో కోళ్ళున్నాయా, పిల్లలున్నారా అని ఒక్క మాట అడిగి అమ్మాలి.

అధికారులు వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. ఈ రాత్రి పడుకునే ముందు పెరట్లోకి పోయి, కోళ్ళ చిప్ప, కుక్క చిప్ప ఎత్తి లోపల పెట్టండి. దానికి పైసా ఖర్చు లేదు.