ఉభయుల సమ్మతి

మా యొద్దకు సలహా కోసం వచ్చే సహోదరులలో కొందరు మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయం తెరిచి చూపిస్తారు. భార్య దేహంపై అధికారం భర్తదే గదా అయ్యగారూ, అంటారు. అదే 4వ వచనంలో రెండవ సగం చదవరు. భర్త దేహంపై అధికారం భార్యదని పౌలు అక్కడే వ్రాశాడు. ఇంటి పెద్దదే పెత్తనమైన రోమా లోకంలో ఇది ఎంత కొత్త మాటో ఆలోచించండి! తరువాతి వచనంలో, ప్రార్థన కోసం కొంతకాలం ఎడబాటుకు సైతం ఉభయుల సమ్మతి కావాలన్నాడు. ఎడబాటుకే సమ్మతి కావలసినప్పుడు కలయికకు అక్కరలేదా?

"వద్దంటే వాక్యానికి ఎదురు తిరిగినట్టేమోనని భయమండీ" అని ఒక సహోదరి మాతో చెప్పుకున్నది. భయంతో తల ఊపితే అది సమ్మతి కాదు.

కోరిక అందరిలో ఒకేలా పుట్టదు. చాలాకాలం కాపురం చేసిన స్త్రీలలో అనేకులకు ముందు ఆదరణ, దగ్గరితనం, ఆ తరువాతే కోరిక కలుగుతుందని కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో వివరించారు. కూరలో ఉప్పు ఎక్కువైందని నలుగురిలో కసిరినవాడు రాత్రికి ప్రేమ కావాలంటే ఆ మనసు ఎలా కదులుతుంది?

కాన్పు తరువాత సాధారణంగా ఆరు వారాలు ఆగమంటారు వైద్యులు. అది దేహానికి. మనసుకు గడువు ఆమే చెప్పాలి. అలిగి, దూరం పెట్టి భర్తను శిక్షించే భార్యల సంగతి కూడా ఉన్నది. అది వచ్చే సంచికలో వ్రాస్తాము.